బోధిసిరి జాబితా, రాయలవారి జాబితా

1926లో పల్నాడు తాలూకాలోని ఒక కొండలోయలో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులుగారి కంట ఒక పాతకాలపు రాతిస్తంభం పడింది. చూసి ఊరుకోకుండా ఆయన మద్రాసు ప్రభుత్వానికి కబురు చేశారు. శాసనశాఖలో తెలుగు సహాయకుడిగా పనిచేస్తున్న సరస్వతిగారు వెళ్లి చూసి, అక్కడ తవ్వితే చాలా సంగతి ఉందని చెప్పారు. మూడు వైపులా నల్లమల కొండలు, ఒక వైపు కృష్ణ ఉన్న ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మట్టి కింద పడుకుని ఉంది. ఆ బడిపంతులు చూసిన చూపుకు ఇప్పుడు నూరేళ్లు నిండుతున్నాయి. ఈ సందర్భంగా చేయదగిన పని ఒకటుంది: ఒక శనివారం, ఒక ఆదివారం కలిసివచ్చేలా చూసుకుని, అమరావతి నుంచి నాగార్జునకొండ దాకా కృష్ణ కుడిగట్టు పట్టుకుని ఎగువకు వెళ్లి రావడం.

ఈ దారిలో చూడాల్సినవి రెండు రకాలు, విహారాలూ కోటలూ. విహారాలది ఒక కాలం, కోటలది ఇంకో కాలం. మధ్య వెయ్యేళ్లకు పైగా ఎడం. అయితే రెంటికీ దారి చూపించే రాళ్లు మనకు మిగిలాయి. మూడో శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక, తాను ఏయే విహారంలో ఏమేమి కట్టించిందో ఒక శాసనంలో వరసగా చెప్పుకుంది. పదహారో శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు, తాను ఏయే కోట పట్టుకున్నాడో తన శాసనాల్లో వరసగా చెప్పించాడు. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగేడ, కేతవరం అంటూ సాగుతుంది రాయలవారి వరస. ఈ రెండు జాబితాలూ చేతిలో పెట్టుకుని బయల్దేరితే వేరే మార్గదర్శి అక్కర్లేదు.

బెజవాడ నుంచి వచ్చేవాళ్లు దారిలో ఉండవల్లి గుహల దగ్గర కాసేపు ఆగాలి. నాలుగంతస్తులుగా తొలిచిన కొండ, లోపల పడుకున్న అనంతశయనుడు. అక్కణ్ణుంచి అమరావతి చేరేసరికి ఎండ ముదరకూడదు.

అమరావతిలో మహాచైత్యం ఇప్పుడు ఒక విశాలమైన వలయం, కొన్ని రాళ్లు, పచ్చగడ్డి. దాని శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మోరు మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉంది. 1790ల చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి ఇక్కడ కొత్త పట్టణం కడుతుంటే, ఇటుకల కోసం, రాళ్ల కోసం దిబ్బ తవ్వారు. ఆ వార్త విని 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ వచ్చాడు. మళ్లీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడిమి భాగమంతా పోయింది. చెక్కిన పలకలు కొన్ని గోడల్లోకి చేరాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. మెకంజీ మనుషులు వేసిన బొమ్మలే లేకపోతే అక్కడ ఏం ఉండేదో మనకు సగం కూడా తెలిసేది కాదు. ఆ బొమ్మల కాగితాలు చూసిన ప్రతిసారీ ఆ చిత్రకారులకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పక్కనే ధరణికోట. పాత ధాన్యకటకం ఇదే. చుట్టూ ఎత్తయిన మట్టికట్ట ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ దారిలో అన్నిటికన్నా పాత కోట అదే. 1960ల మొదట్లో జరిగిన తవ్వకాల్లో ఇక్కడ నది నుంచి పడవలు వచ్చే కాలువా, రేవుకట్టా బయటపడ్డాయి. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ వచ్చేనాటికి ఈ దేశంలో చాలా విహారాలు పాడుపడ్డాయి. ఇరవై మాత్రమే నడుస్తున్నాయనీ, వెయ్యిమంది దాకా భిక్షువులున్నారనీ రాసుకున్నాడు. తర్వాత ఏడు వందల ఏళ్లు దాదాపు చీకటి. ఆ చీకటి చివర, శ్రీలంకలోని గడలాదెణియ బండమీద 1344 నాటి శాసనం ఒకటి చిన్న దీపం చూపిస్తుంది. ధర్మకీర్తి అనే సింహళ స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల బుద్ధమందిరాన్ని బాగుచేయించాడని అందులో ఉంది. సముద్రం అవతలివాళ్లు అప్పటికీ ఈ చోటుని మరిచిపోలేదన్నమాట.

అమరేశ్వరాలయంలో రాయలవారిని కలుసుకుంటాం. 1515 జూన్‌లో కొండవీడు గెలిచాక ఆయన ఇక్కడికి వచ్చి తులాపురుష దానం చేశాడు. తిరుమలదేవి, చిన్నాదేవి వెంట ఉన్నారు. ఆ సంగతి చెప్పే శాసనం ఇక్కడే ఉంది. జాబితా పట్టుకుని కోటల వైపు వెళ్లడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

క్రోసూరు మీదుగా బెల్లంకొండ చేరాం. కొండ కింద మేకలు కాస్తున్న పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఈ ఏళప్పుడు ఎక్కమాకండి సారూ, రాళ్లు కాల్తా ఉంటయ్. పొద్దుగాల రావాల గదా" అన్నాడు. ఆయన మాట విన్నాం. కొండ భుజాల మీదుగా పాకుతూ పోయిన రాతిగోడ కింద నుంచి కూడా బాగా కనిపిస్తుంది. రెడ్డిరాజులు, గజపతులు, రాయలు, కుతుబ్‌షాహీలు, ఒకరి తర్వాత ఒకరు ఈ గోడ వెనక కాపలా కాశారు. ఇక్కడ వాళ్లు తిన్నదేమిటి, పాడుకున్నదేమిటి అంటే శాసనాలు పలకవు. గెలిచిన తేదీ చెబుతాయి, అంతే.

పిడుగురాళ్ల దగ్గరికి వచ్చేసరికి గాలిలో తెల్లటి పొడి. రోడ్డుకు అటూ ఇటూ సున్నపు బట్టీలు. ముందుకు పోతే దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక్కడ కాస్త ఆగి ఒక రాయి చేతిలోకి తీసుకుని చూడండి. లేత ఆకుపచ్చ ఛాయ కలిసిన తెలుపు, చాకుతో గీస్తే గీత పడేంత మెత్తన. అమరావతి బుద్ధుడూ, నాగార్జునకొండ జాతక కథలూ ఈ పల్నాటి సున్నపురాతిలోంచే పుట్టాయి. మెత్తగా ఉంది కాబట్టే ఏనుగు చెవి ముడతా, ఆడవాళ్ల కాళ్ల కడియాల్లో వరసలూ అంత సన్నగా చెక్కగలిగారు. మెత్తగా ఉంది కాబట్టే బట్టీలో వేయడం కూడా తేలికైంది. శిల్పాన్నీ సున్నాన్నీ కూడా ఇచ్చింది ఈ ఒక్క రాయే.

తంగేడ కృష్ణ ఒడ్డునే ఉంది. నదిని చూస్తున్న కోటగోడలు, బురుజులు, ముళ్లకంపల మధ్య కూలిన గుళ్లు. రాయలవారి జాబితాలో ఈ పేరు చదివినప్పుడు మనసులో ఒక గొప్ప దుర్గం లేస్తుంది. ఇప్పుడు వెళితే పత్తిచేలూ, మిరపచేలూ దాటుకుని పోవాలి. ఇంకో పదేళ్లకు ఈ గోడల్లో ఎన్ని మిగులుతాయోనన్న బెంగతో వెనక్కి వచ్చాను. ఈ కోటకి రక్షణ కావాలి. ఉన్న రాళ్లు ఉన్నచోట ఉండేలా చూస్తే చాలు.

రాత్రికి మాచర్ల. చెన్నకేశవస్వామి గుడి, బ్రహ్మనాయుడు, కోడిపోరు, అవన్నీ పల్నాటి పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన కథలు. వాటికి ఇంకో ఆదివారం కేటాయించాలి.

ఆదివారం పొద్దున్నే విజయపురి సౌత్ రేవుకు వెళ్లాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు కాబట్టి వారాంతమే మేలు. నీటిమట్టాన్నీ గాలినీ బట్టి లాంచీ కదులుతుంది, అందుకని ముందుగా కనుక్కుని పోవడం మంచిది. లాంచీ బయల్దేరాక కాసేపటికి చుట్టూ నీళ్లే. దూరంగా ఒక పొడవాటి కొండ, నీళ్లలోంచి వీపు మాత్రమే పైకి తేలిన ఏనుగులా కనిపిస్తుంది. నాగార్జునకొండ అదే. మనం పడవలో పోతున్నది విజయపురి వీధుల మీదుగా అన్న సంగతి గుర్తుంటే ఆ ప్రయాణం ఇంకోలా ఉంటుంది.

ద్వీపం మీద దిగగానే ముందు కనిపించేది విహారం కాదు, కోట. కొండమీద మధ్యయుగంలో కట్టిన దుర్గం గోడలు చెట్ల మధ్య అక్కడక్కడ మిగిలాయి. రాయలవారి జాబితాలోని నాలుగో పేరు ఇదే. గజపతుల నుంచి ఆయన దీన్ని తీసుకున్నాడు. ఆయన సైనికులు ఈ గోడ మీద నిలబడి కిందికి చూసినప్పుడు పొలాలూ, దిబ్బలూ కనిపించి ఉంటాయి. ఆ దిబ్బల్లో ఏముందో వాళ్లలో ఎవరికీ తెలియదు.

ఇక్కణ్ణుంచి బోధిసిరి జాబితా తీయాలి. ఇంత దూరం వచ్చింది నిజానికి ఆమె కోసమే.

ఇక్ష్వాకు రాజులు శాతవాహనుల తర్వాత, మూడో శతాబ్దంలో ఒక నూరేళ్ల దాకా ఏలారు. మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేశాడు. కోట్ల బంగారం, లక్షల ఆవులు, లక్షల నాగళ్లు దానం చేశాడని శాసనాలు పొగుడుతాయి. మహాసేనుడి, అంటే కుమారస్వామి భక్తుడు. అదే ఇంట్లో ఆడవాళ్లు బుద్ధుడి దారి పట్టారు. చాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి, మేనల్లుడైన రాజు వీరపురుషదత్తుడి ఏలుబడి ఆరో ఏట మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. పని పూర్తి చేయించినవాడు భదంత ఆనందుడు, దీఘనికాయం, మజ్ఝిమనికాయం నోటికి వచ్చిన ఆచార్యుడు. ఆ చైత్యం వ్యాసం 106 అడుగులు. లోపలంతా ఒకే ముద్దగా నింపకుండా, చక్రానికి ఆకులు పెట్టినట్టు గోడలు కట్టి మధ్య ఖాళీల్లో మట్టి పోశారు. పైకి గుమ్మటం కనిపిస్తుంది, లోపల ధర్మచక్రం దాక్కుని ఉంటుంది. తర్వాతి తరంలో రాణి భట్టిదేవ బహుశ్రుతీయులనే బౌద్ధ శాఖవాళ్లకు విహారం కట్టించింది. వనవాసి రాజుకు ఇచ్చిన ఆడపడుచు కొడబలిసిరి మహీశాసక శాఖవాళ్లకు కట్టించింది. ఉజ్జయిని నుంచి కోడలుగా వచ్చిన రుద్రధర భట్టారిక మహాచైత్యం పనికి చేయి కలిపింది. మగవాళ్లు యాగశాలలో, ఆడవాళ్లు విహారంలో. ఒకే కుటుంబం, ఒకే భోజనాల వరస. ఎవరూ ఎవరినీ ఆపినట్టు ఎక్కడా లేదు.

వీళ్లంతా రాజుగారి బంధువులు. బోధిసిరి కాదు. ఆమె గోవగామకు చెందిన గృహస్థుల ఇంటి ఆడపడుచు. వీరపురుషదత్తుడి ఏలుబడి 14వ ఏట, విజయపురికి తూర్పున శ్రీపర్వతం మీద, చుల్లధమ్మగిరి అనే చిన్న గుట్ట మీద ఒక చైత్యగృహం కట్టించింది. ఆ గుట్టను మొన్నమొన్నటి దాకా లోయవాళ్లు నహరాళ్లబోడు అనేవారు. చైత్యగృహం నేల పరిచిన రాళ్ల మీద పొడవాటి పంక్తుల్లో తన సంగతంతా చెక్కించింది. వోగెల్ అనే డచ్చి పండితుడు దాన్ని చదివి అచ్చువేశాడు.

ఆ చైత్యగృహం తామ్రపర్ణి ఆచార్యుల కోసం. తామ్రపర్ణి అంటే శ్రీలంక. ఆ ఆచార్యులు ధర్మం నాటిన దేశాలను బోధిసిరి పేరుపేరునా చెప్పింది: కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాతం, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, ద్రావిడ, పాలూరు, తామ్రపర్ణి. ఊరి గుట్ట మీద గుడి కట్టించిన ఒక గృహిణికి చీనా నుంచి యవనుల దాకా పటం మనసులో ఉంది. ఈ పంక్తి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత ఆమె తన మిగతా దానాలు చెబుతుంది. కులహ విహారంలో ఒక చైత్యగృహం. సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం. మహాధమ్మగిరిలో ఒక గది. మహావిహారంలో ఒక మండప స్తంభం. దేవగిరిలో ధ్యానం చేసుకోడానికి ఒక శాల. పువ్వసేలలో ఒక చెరువు, వసారాతో మండపం. కంటకసోలలో మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. హిరుముఠువలో మూడు గదులు. పాపిలలో ఏడు గదులు. పుప్పగిరిలో ఒక రాతి మండపం.

ఇందులో చిన్నదీ పెద్దదీ అన్న భేదం లేదు చూడండి. చెరువు తవ్వించినదీ చెప్పింది, ఒకే ఒక్క స్తంభం ఇచ్చినదీ చెప్పింది. ఒక గది ఇచ్చినచోట ఒక గది అంటుంది, ఏడు ఇచ్చినచోట ఏడు అంటుంది. ఇంటి జమాఖర్చు రాసుకునే మనిషి చేతి లెక్క అది. పోలికలూ లేవు, బిరుదులూ లేవు. కంటకసోల అంటే కృష్ణా జిల్లా ఘంటసాల. సముద్రపు ఓడలు ఆగిన ఊరు, అక్కడి శాసనంలో ఒక మహానావికుడి పేరుంది. పువ్వసేల ధాన్యకటకం పక్కదని పండితుల భావన. చైనా యాత్రికుడు చెప్పిన పూర్వశైల విహారం అక్కడిదే కదా. అంటే ఆమె దానాలు డెల్టా నుంచి ఈ కొండల దాకా, నది పొడవునా పరుచుకుని ఉన్నాయి. మనం కారులో వచ్చిన దారంతా ఆమె ఎరిగిన దారే.

ఈ పుణ్యం ఒక్కతే ఉంచుకోలేదు. భర్త, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, తాత, మేనమామ, అందరినీ పిలిచినట్టు పేర్లు వేయించింది. పల్లెల్లో ఇప్పటికీ గుడికి గంట ఇచ్చినవాళ్లు ఇంటిల్లిపాది పేర్లు దానిమీద వేయిస్తారు, ఇది అదే మనసు. చివర్లో పని చూసుకున్న ముగ్గురు థేరుల పేర్లు, చందముఖుడు, ధమ్మనంది, నాగుడు. ఆఖరున రాయి చెక్కిన మేస్త్రి పేరు, విధికుడు. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఒక పల్నాటి రాతిపనివాడి పేరు ఇవాళ మనకు తెలుసంటే, అది బోధిసిరి పెట్టిన మర్యాద.

రాయలవారి జాబితా మీద నాకు చిన్నచూపు లేదు. ఆ కోటలు పట్టుకున్నాడు కాబట్టే ఈ తీరమంతా ఒక గొడుగు కిందికి వచ్చింది. అయినా తీసుకున్నవి చెప్పే వరసకీ, ఇచ్చినవి చెప్పే వరసకీ తేడా ఉంది. రెండు వరసల్లోనూ కలిసేది ఈ ఒక్క కొండ.

మ్యూజియంలో ఎక్కువసేపు గడపాలి. పొడవు కోటు, కోసు టోపీ, చేతిలో ఈటెతో నిలబడ్డ శక సైనికుడు ఉన్నాడు. పైన, లోయలోంచి తెచ్చి మళ్లీ పేర్చిన మహాచైత్యం, స్నానఘట్టం, అశ్వమేధ కట్టడం ఉన్నాయి. స్నానఘట్టం మెట్ల మీద కూర్చుంటే రాళ్ల అంచులు ఇప్పటికీ ఎంత సూటిగా ఉన్నాయో తెలుస్తుంది.

వాటిని పైకి తెచ్చిన కథ మన కాలానిది. పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా ఇక్కడ తవ్వాడు. మహాచైత్యంలో బంగారు భరిణెలో ధాతువు దొరికింది, అది ఇప్పుడు సారనాథ్‌లో ఉంది. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్లీ తవ్వారు. ఆ తర్వాత నందికొండ దగ్గర ఆనకట్ట ఖాయమైంది. లోయంతా మునుగుతుందని తెలిసి, 1954లో ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వంలో పురావస్తు శాఖ దిగింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసేటప్పటికి కొద్ది దూరంలో పలుగులూ గంపలూ ఆడుతూనే ఉన్నాయి. ఆరేళ్లు ఆ పని సాగింది. పాతరాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగపు గుళ్ల దాకా బయటికి వచ్చాయి. మెట్లమెట్ల రంగస్థలం, నదికి రాతి ఘట్టాలు, వీధులు, ఒక కంసాలి ఇల్లు. ఆ ఇంట్లో మూసలూ, గీటురాయీ, నగల అచ్చులూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఎండలో, లోయలోని జ్వరాల మధ్య అంత పని చేసిన ఆ మనుషులకు తెలుగువాళ్లం ఎంతో రుణపడ్డాం. తొమ్మిది కట్టడాలను రాయి రాయికీ గుర్తు పెట్టి ఎత్తుకొచ్చి మళ్లీ నిలబెట్టారు. మరికొన్నిటికి నమూనాలు కట్టారు. రంగస్థలాన్ని గట్టు మీద అనుపుకు తెచ్చారు. వెనక్కి వచ్చేటప్పుడు తప్పకుండా ఆగండి. దాని నడుమ నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీద కూర్చున్నవాళ్లకు మాట అందుతుంది.

మిగతాదంతా నీటి కింద ఉంది. పుల్లారెడ్డిగూడెం ఊరూ నీటి కిందే. అక్కడివాళ్లు ఇళ్లూ, పొలాలూ, తాతల సమాధులూ వదిలి లేచి వెళ్లారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఇరవై లక్షల ఎకరాలకు పైగా తడిసింది. గుంటూరు, నల్గొండ, ఖమ్మం పల్లెల్లో కొత్త ఇల్లు లేచిందంటే, పిల్లలు చదువుకున్నారంటే అందులో ఈ నీళ్ల వాటా ఉంది. మా చుట్టాల్లో చాలామంది ఆ నీళ్ల అన్నం తిన్నవాళ్లే. ఆ అన్నం గురించి ఒక్క మాట తప్పుగా అనలేను. విజయపురి పోయిందన్న బాధనూ తగ్గించి చెప్పలేను.

ఇక్కణ్ణుంచి కథ ఒక దారిలో నడవదు. తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. రెండోది 2006 దాకా రాలేదు, తవ్విన పలుగు కింద పెట్టాక నలభై ఆరేళ్లకు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఎడమగట్టు తెలంగాణ, కుడిగట్టు ఆంధ్రప్రదేశ్. 2023 నవంబర్ చివర్లో ఆనకట్ట మీద 26 గేట్లలో 13 మావని ఆంధ్ర పోలీసులు ముళ్లకంచె వేయడం, కేంద్ర బలగాలు కాపలాకు రావడం అందరికీ తెలుసు. అటు గట్టున 2022లో బుద్ధవనం తెరిచారు, 274 ఎకరాల్లో అందంగా తీర్చారు. ఇటు ద్వీపానికి పోవాలంటే లాంచీ కోసం ఎదురుచూపు. బుద్ధుడి పేరుతో రెండు గట్లనూ కలిపి ఒకే టిక్కెట్టు మీద చూపించే ఏర్పాటు ఉంటే ఎంత బాగుండును! నదిని పంచుకోవడంలో పేచీలు ఉండొచ్చు. చాంతిసిరినీ, బోధిసిరినీ పంచుకోవడానికి పేచీ ఎందుకు?

ఈ నూరేళ్ల పండుగ నాడు కోరదగినవి పెద్దవి కావు. తవ్వకాల నివేదిక రెండు సంపుటాల సారం మన పిల్లలు చదువుకునే తెలుగులో ఒక పుస్తకంగా రావాలి. తంగేడ కోట చుట్టూ ముళ్లు కొట్టించి, గోడలకు కాపు పెట్టాలి. విజయపురి సౌత్ రేవులో, లాంచీ కోసం జనం కూర్చునే చోట, బోధిసిరి శాసనం మొత్తాన్ని, ఆమె దానాలన్నిటితో, దేశాల పేర్లన్నిటితో, మేస్త్రి విధికుడి పేరుతో సహా, పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించి పెట్టాలి. ఆ బోర్డు పక్కనే సూరపరాజు వెంకటరామయ్యగారి పేరు కూడా ఉండాలి.